వర్చువల్ మెషీన్‌కు నెట్ అందకపోతే

ల్యాప్‌టాప్‌లో ఇంటర్నెట్ బాగానే ఉంటుంది. అందులోనే నడుస్తున్న వర్చువల్ మెషీన్‌లో మాత్రం ఒక్క పేజీ తెరుచుకోదు. విసిగిపోయి ఆపరేటింగ్ సిస్టమ్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారున్నారు. లోపల దాచుకున్న పని పోవడం తప్ప దానివల్ల సాధారణంగా ఒరిగేదేమీ ఉండదు.

ముందు ఐపీ అడ్రస్ చూడాలి. అది 169.254తో మొదలైతే డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. అడ్రస్ సరిగానే ఉంటే గేట్‌వేకు, ఆపైన 8.8.8.8కు పింగ్ ఇవ్వాలి. అంకెలకు జవాబు వచ్చి వెబ్‌సైట్ పేరుకు రాకపోతే అనుమానించాల్సింది డీఎన్‌ఎస్‌ను.

వర్చువల్‌బాక్స్‌లో మొదట ఉండేది నాట్ మోడ్. రెండు మెషీన్లు పెట్టుకుంటే రెండింటికీ 10.0.2.15 అనే అడ్రసే కనిపించి కంగారు పెడుతుంది. అది తప్పు కాదు. దేని నాట్ దానిదే. అందుకే అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. మాట్లాడుకోవాలంటే 'నాట్ నెట్‌వర్క్'కు మార్చాలి. ల్యాప్‌టాప్ నుంచి లోపలి సర్వర్‌ను చేరాలంటే పోర్ట్ ఫార్వర్డింగ్ కావాలి.

బ్రిడ్జ్‌డ్ మోడ్‌లో చిక్కు వేరు. ఇంట్లో కేబుల్‌తో పనిచేసిన మెషీన్ హాస్టల్ వైఫైలో మొరాయించవచ్చు. నమోదైన మ్యాక్ అడ్రస్‌లనే అనుమతించే నెట్‌వర్క్‌కు వర్చువల్ మెషీన్ అపరిచితురాలే. అలాంటిచోట నాట్‌కు తిరిగి రావడమే సులువు. క్లోన్ చేసిన మెషీన్‌కు పాత మ్యాక్ అడ్రసే మిగిలితే, కనెక్షన్ కాసేపు వస్తూ కాసేపు పోతూ ఉంటుంది.

క్లౌడ్‌లో వ్యవహారం మరోలా ఉంటుంది. అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ ప్రారంభించింది. అక్కడైనా ముంబైలోనైనా, కొత్త మెషీన్ పింగ్‌కు పలకకపోతే అది చచ్చిపోయిందని కాదు. సెక్యూరిటీ గ్రూప్ ఆ ప్యాకెట్లను అనుమతించకపోయి ఉండొచ్చు. 'టైమ్‌డ్ అవుట్' అని వస్తే దారిలో ఎవరో అడ్డుకుంటున్నారని అనుమానించాలి. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే చాలావరకు మెషీన్ దాకా చేరినట్టే. ఆ పోర్టులో వినేవారు లేరు, లేదా సర్వీసు 127.0.0.1కే పరిమితమైంది.

ఇక్కడే చాలామంది తొందరపడి 22వ పోర్టును 0.0.0.0/0కు, అంటే లోకమంతటికీ, తెరిచేస్తారు. పని జరుగుతుంది, పాస్‌వర్డ్‌లు ఊహించే బాట్లు కూడా వచ్చేస్తాయి. తమ ఐపీని ఒక్కదాన్నే అనుమతించడం మేలు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారినప్పుడు తలుపు మళ్లీ మూసుకుంటుంది. అప్పుడు మార్చాల్సింది ఆ ఒక్క నియమాన్నే.