దుద్దిళ్ళ శ్రీపాదరావు

దుద్దిళ్ళ శ్రీపాదరావు (1935 మార్చి 2 - 1999 ఏప్రిల్ 13) కాంగ్రెసు పార్టీకి చెందిన రాజకీయ నాయకుడు, ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ మాజీ సభాపతి. కరీంనగర్ జిల్లా మంథని నియోజకవర్గం నుండి మూడు పర్యాయాలు శాసనసభకు ఎన్నికయ్యాడు.

తొలి జీవితం

శ్రీపాదరావు ధన్వాడ గ్రామంలో జన్మించాడు. అప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ గ్రామం 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. ఈయన గ్రామ సర్పంచిగా ప్రజాజీవితం ప్రారంభించి, తరువాత మహాదేవపూర్ సమితి అధ్యక్షుడయ్యాడు.

శాసనసభ్యునిగా

మంథని 1957 నుండి పి.వి.నరసింహారావు వరుసగా నాలుగుసార్లు గెలిచిన స్థానం. 1983 ఎన్నికలలో తెలుగుదేశం ప్రభంజనం వీచి, 294 స్థానాలున్న సభలో కాంగ్రెసుకు 60 మాత్రమే దక్కాయి. ఆ కొద్దిమందిలో శ్రీపాదరావు ఒకడు. 1985లో ప్రతిపక్షంలోనే ఉండి మరల గెలిచాడు. 1989లో మూడవసారి ఎన్నికైనప్పుడు కాంగ్రెసు తిరిగి అధికారంలోకి వచ్చింది.

సభాపతిగా

1991 ఆగష్టు 19న సభాపతిగా బాధ్యతలు చేపట్టాడు. ఈయన కాలంలో నేదురుమల్లి జనార్ధనరెడ్డి, కోట్ల విజయభాస్కరరెడ్డి, నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రులుగా ఉన్నారు. పార్టీ ఫిరాయింపులపై సభాపతులు ఇచ్చే తీర్పులు న్యాయసమీక్షకు లోబడి ఉంటాయని సుప్రీంకోర్టు 1992లో ప్రకటించింది కూడా ఈ కాలంలోనే.

1994 డిసెంబరు ఎన్నికలలో మంథనిలో ఓడిపోయినా, శ్రీపాదరావు 1995 జనవరి 11 వరకు పదవిలో కొనసాగాడు. సభ రద్దయినప్పటికీ కొత్త సభ తొలి సమావేశానికి ముందువరకు సభాపతి పదవి ఖాళీ కారాదని రాజ్యాంగం 179వ అధికరణం నిర్దేశిస్తున్నది. ఈయన తరువాత యనమల రామకృష్ణుడు సభాపతి అయ్యాడు.

హత్య

మంథని, మహాదేవపూర్ ప్రాంతాలు గోదావరి తీరపు అడవులను ఆనుకొని ఉన్నవి. అప్పట్లో పీపుల్స్‌వార్ నక్సలైట్లకు గట్టి పట్టున్న ప్రాంతం. పదవి పోయిన తరువాత కూడా శ్రీపాదరావు నియోజకవర్గ ప్రజలతో సంబంధాలు వదులుకోలేదు. 1999 ఏప్రిల్ 13న అక్కడి అటవీ ప్రాంతంలోనే నక్సలైట్లు ఈయనను కాల్చి చంపారు. అప్పటికి ఈయన వయసు 64 సంవత్సరాలు. శాసనసభ్యుడు కూడా కాడు.

వారసత్వం

అదే సంవత్సరం జరిగిన ఎన్నికలలో కుమారుడు దుద్దిళ్ళ శ్రీధర్ బాబు మంథని నుండి గెలిచాడు. 2004, 2009, 2018, 2023లలో కూడా అక్కడినుండే ఎన్నికై, మంత్రిగా శాసనసభ వ్యవహారాల శాఖను నిర్వహించాడు. శ్రీపాదరావు జయంతిని అధికారికంగా జరపాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది.