మిలాన్‌లో పుట్టిన పుష్పకం

ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటు మిగిలే విమానం పుష్పకమని మీరు కథల్లో విన్నారు కదా! ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు తయారుచేసిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ తన స్కూటర్‌కు ఆ పేరే పెట్టింది. ముందు నిలబడ్డ పిల్లవాడు, వెనుక తల్లి, ఆమె ఒళ్ళో పసిపాప... పేరు సరిగ్గా కుదిరిందనే చెప్పాలి. అయితే ఈ పుష్పకం అసలు పుట్టిల్లు ఇటలీ. అక్కడ దాని పేరు లాంబ్రెటా.

ఫెర్డినాండో ఇనోచెంటి ఉక్కు గొట్టాలు తయారుచేసే పారిశ్రామికవేత్త. మిలాన్ నగరంలోని ఆయన ఫ్యాక్టరీ రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు దెబ్బతిన్నది. యుద్ధం ముగిశాక ఇటలీ ప్రజలకు కారు కొనే స్తోమత లేదు. చవకైన, తేలికైన బండి కావాలి. 1946లో పియాజియో సంస్థ వెస్పాను తెస్తే, మరుసటి ఏడు ఇనోచెంటి లాంబ్రెటాను తెచ్చాడు. వెస్పాకు రేకు శరీరమే చట్రం. లాంబ్రెటాకు ఉక్కు గొట్టమే వెన్నెముక. గొట్టాలు చేసేవాడికి గొట్టమే తోచడంలో వింతేముంది?

రెండింటిలోనూ ఉన్నది టూ-స్ట్రోక్ ఇంజనే. ఫోర్-స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి ఇంధనం మండి శక్తి పుడుతుంది. ఇందులో ప్రతి చుట్టుకూ పుడుతుంది. ఫోర్-స్ట్రోక్‌లో మాదిరి వాల్వులు, వాటిని నడిపే కామ్ షాఫ్ట్ ఇందులో ఉండవు. సిలిండర్ గోడకున్న రంధ్రాలను పిస్టనే మూస్తూ, తెరుస్తూ ఉంటుంది. పిస్టన్ పైకి పోతే కింది క్రాంక్ కేసులోకి పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం చేరుతుంది. కిందికి దిగితే అదే మిశ్రమం సిలిండర్‌లోకి ఎగబాకి, కాలిన వాయువులను బయటికి నెడుతుంది. క్రాంక్ కేసు ఇలా పంపులా పనిచేస్తుంది కాబట్టి అందులో నూనె నిల్వ ఉంచలేం. పెట్రోల్లోనే కలిపి పోయాలి. భాగాలు తక్కువ, బరువు తక్కువ, మరమ్మతు సులువు.

చిక్కూ అక్కడే ఉంది. కొత్త మిశ్రమం లోపలికి వచ్చే వేళకు పొగ పోయే రంధ్రం ఇంకా తెరిచే ఉంటుంది. దాంతో కొంత పెట్రోలు మండకుండానే పొగగొట్టం దారి పడుతుంది. ఒక్కోసారి మూడో వంతు దాకా. సగం కాలిన నూనె నీలిపొగగా వస్తుంది.

ఇటలీలో సంపద పెరిగి జనం చిన్న కార్లకు మళ్ళడంతో 1971లో లాంబ్రెటా తయారీ ఆగిపోయింది. మన దేశంలో అప్పుడు స్కూటర్ కావాలంటే ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1972లో భారత ప్రభుత్వం యంత్రసామగ్రినీ, డిజైన్లనూ, లాంబ్రెటా పేరునూ కలిపి కొనేసింది! వాటితో లక్నోలో స్కూటర్స్ ఇండియా సంస్థ ఏర్పడి, 1975 నుంచి ‘విజయ్’ స్కూటర్లు తయారుచేసింది. మన పుష్పక్ కూడా ఆ కుటుంబానిదే. ఆ కొనుగోలు అవసరానికి తగినదే. కొన్నాక దాదాపు పాతికేళ్ళు ఆ ఇంజన్‌నే పట్టుకు వేళ్ళాడటం మాత్రం నాకు మింగుడుపడదు.

వాహనాల పొగపై 1991లో వచ్చిన పరిమితులు 1996లో, 2000లో మరింత బిగిశాయి. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే ఫోర్-స్ట్రోక్ మోటార్ సైకిళ్ళు రోడ్లను నింపాయి. లక్నోలో స్కూటర్ల తయారీ 1997లో ముగిసింది. ‘విక్రమ్’ మూడు చక్రాల బండ్లతో నెట్టుకొచ్చిన ఆ సంస్థనూ మూసివేయాలని ప్రభుత్వం 2021లో నిర్ణయించింది. అన్నట్టు, బ్రిటన్‌లో పాత ఇటలీ లాంబ్రెటాలను ముచ్చటగా నడుపుకునేవారు చాలాకాలం వాటికి బిగించుకున్న విడిభాగాల్లో లక్నోలో పోతపోసినవి ఎన్నో ఉన్నాయి.