పసివాళ్ల కడుపులో రాయి: ఒక సింహావలోకనం

బెజవాడ రైల్వే జంక్షన్ ఊరు కాబట్టి ఈ కథను రైల్వే వాళ్లతోనే మొదలుపెడదాం. 1968లో డాక్టర్ మల్హోత్రా దేశంలోని రైల్వే ఉద్యోగులను పరిశీలించి, పిత్తాశయంలో రాళ్లు దక్షిణాది వారికన్నా ఉత్తరాది వారిలో ఏడు రెట్లు ఎక్కువని తేల్చారు. ఆ లెక్క చూస్తే ఇది మన జబ్బు కాదనిపిస్తుంది. కానీ రాళ్లలోనూ రకాలున్నాయి. ఉత్తరాదిలో ఎక్కువగా కొలెస్ట్రాల్ రాళ్లు, మన వైపు నల్లటి పిగ్మెంట్ రాళ్ల వాటా ఎక్కువ. పిల్లల విషయంలో ఈ తేడాయే కీలకం.

రాయి ఎంత పాతదంటే, ఈజిప్టు మమ్మీలోనూ దొరికింది. 1737లోనే గిబ్సన్ అనే వైద్యుడు పన్నెండేళ్ల బాలుడిలో దాన్ని వర్ణించాడు. 1882లో బెర్లిన్‌లో కార్ల్ లాంగెన్‌బుక్ తొలిసారి పిత్తాశయాన్ని తీసేసినప్పుడు, బల్లమీద ఉన్నది 43 ఏళ్ల పురుషుడు. అయినా వైద్య పాఠాల్లో తరతరాలుగా నిలిచింది నలభై దాటిన లావుపాటి స్త్రీ బొమ్మే. పిల్లలు ఆ బొమ్మ నీడలో పడిపోయారు. కడుపునొప్పన్న పిల్లాడికి మన ఇళ్లలో ఇచ్చింది నులిపురుగుల మందే.

మన కృష్ణా డెల్టాకు పెద్ద వైద్యం నెమ్మదిగా వచ్చింది. 1946లో గుంటూరు వైద్య కళాశాల, 1980లో విజయవాడ సిద్ధార్థ వైద్య కళాశాల మొదలయ్యాయి. అంతకుముందు రాయిని చూడటమే కష్టం. మామూలు ఎక్స్‌రేలో చాలా రాళ్లు కనబడవు. 1924లో అమెరికాలో గ్రాహం, కోల్ రంగుమందుతో పిత్తాశయాన్ని ఎక్స్‌రేకు అందేలా చేశారు. అల్ట్రాసౌండ్ వచ్చాక అంతా మారిపోయింది. నొప్పీ, సూదీ లేకుండా, పాలు తాగే బిడ్డను కూడా చూడొచ్చు.

అలా చూడటం మొదలుపెట్టాక తెలిసిందేమిటంటే, పిల్లల్లో రాయి చాలాసార్లు రక్తం కథ. ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగిపోతుంటే బిలిరుబిన్ పెరిగి నల్లని రాళ్లు తయారవుతాయి. సికిల్ సెల్, తలసీమియా, వంశపారంపర్యంగా గుండ్రటి కణాలతో పుట్టే జబ్బు అందుకు కారణాలు. ఏజెన్సీ గిరిజన పిల్లలకు సికిల్ సెల్ ముప్పు ఉంది. 2023 జులైలో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. పిల్లాడి కడుపులో రాయి దొరికితే రక్తాన్ని పరీక్షించకుండా వదలడం తప్పని నా నిశ్చితాభిప్రాయం.

నెలలు నిండకుండా పుట్టి, రోజుల తరబడి రక్తనాళం ద్వారానే పోషణ పొందిన శిశువుల్లోనూ రాళ్లు ఏర్పడతాయి. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ తీసుకున్న కొందరు పిల్లలకు స్కానింగ్‌లో రాళ్లలాంటివి కనిపిస్తాయి. మందు ఆపితే అవి సాధారణంగా కొద్ది వారాల్లో వాటంతటవే పోతాయి. శిశువుల్లో అసలైన రాళ్లు కూడా కొన్ని కరిగిపోతాయి. తొందరపడి కత్తి పట్టుకోకూడని చోటు ఇదే.

1985లో జర్మనీలో ఎరిక్ ముహే, 1990లో ముంబైలో తెహెమ్తాన్ ఉద్వాడియా లాపరోస్కోపీతో పిత్తాశయాన్ని తీశాక, పక్కటెముకల కింద పెద్ద కోత నాలుగు చిన్న రంధ్రాలుగా మారింది. విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల్లో ఇప్పుడిది మామూలు విషయం. మామూలైంది కాబట్టే, అవసరం లేని ఆపరేషన్ జరగకుండా జాగ్రత్త కావాలి. రాయి ఉన్నా నొప్పి లేని పెద్దవాళ్లలో ఏటా వందలో ఒకరిద్దరికే రాయి బాధ పెడుతుంది. గర్భిణులు, బాలింతలు, వేగంగా బరువు తగ్గేవాళ్లు మాత్రం కుడిపక్క నొప్పిని గ్యాస్ అనుకుని వదలకూడదు.

ఇక పసరు మందు, కొండపిండాకు కషాయం. కిడ్నీ రాయికి వాడేదాన్ని పిత్తాశయానికీ వాడుతున్నారు. ఈ రెండు రాళ్లూ వేరు. పైత్యనాళంలో రాయి అడ్డుపడి కళ్లు పచ్చబడితే, పసరు తాగి ఎదురుచూసే రోజులు ప్రాణం మీదికి తెస్తాయి.

తల్లులారా, బిడ్డ పుట్టి రెండు వారాలు దాటినా కామెర్లు తగ్గక, విరేచనం సున్నంలా తెల్లగా వస్తుంటే ఆ రోజే పిల్లల వైద్యుడికి చూపించండి. అది రాయి కాకపోవచ్చు, పైత్యనాళాలే మూసుకుపోయి ఉండొచ్చు. దానికి జపాన్‌లో 1950లలో రూపొందిన ఆపరేషన్ ఉంది. బిడ్డకు రెండు నెలలు నిండకముందే చేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుంది.