చలనచిత్రములలో అగ్ని: సాహసము, సంరక్షణము

అగ్ని పొయ్యిలో నున్నంతవరకు అన్నము పెట్టును. పొయ్యి దాటినచో ఇల్లు కాల్చును. చలనచిత్రకళ పుట్టిననాటి నుండియు ఈ అగ్నితో సహవాసము చేయుచునే యున్నది.

1897 మే 4వ తేదీన పారిస్ నగరమున ఒక ధర్మార్థపు సంతయందు చిత్రప్రదర్శన యంత్రపు ఈథరు దీపము వలన మంటలు చెలరేగి 126 మంది మరణించిరి. ఆ కాలపు నైట్రేటు ఫిల్ము ఒకసారి అంటుకొనినచో నీటిలో ముంచినను ఆరనిది. మనదేశమున 1918 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టము ప్రదర్శనశాలలకు లైసెన్సును నిర్బంధము చేసి, ప్రేక్షకుల రక్షణకు తగిన ఏర్పాట్లుండవలెనని విధించెను. 1948లో కోడక్ కంపెనీ ట్రైయాసిటేట్ ఫిల్మును ప్రవేశపెట్టిన కొలది ఏండ్లకు నైట్రేటు భయము తొలగినది. తెర ముందు కూర్చుండు వారి క్షేమము ఇట్లు చట్టమున కెక్కెను. కెమెరా ముందు నిలుచు వారి క్షేమము మాత్రము చాలకాలము దర్శకుని విచక్షణకును, నటుల అదృష్టమునకును విడువబడెను.

1923 నవంబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మార్తా మాన్స్‌ఫీల్డ్ అను యువనటి తన దృశ్యము ముగించుకొని కారులో కూర్చుండియుండగా, ఎవరో విసరిన అగ్గిపుల్ల తగిలి, ఆమె ధరించిన పాతకాలపు వెడల్పాటి గౌను భగ్గుమనెను. సహనటుడు తన కోటు కప్పి ముఖము కాపాడగలిగెను గాని, ప్రాణము దక్కలేదు. ఆమె మంటల దృశ్యములో నటించుచుండలేదు, దుస్తులే ప్రమాదహేతువులైనవి.

ఇందుకు భిన్నమైన ఉదాహరణము 'గాన్ విత్ ద విండ్' చిత్రము. అట్లాంటా నగరదహన దృశ్యమును 1938 డిసెంబరు 10వ తేదీ రాత్రి కాలిఫోర్నియాలోని కల్వర్ సిటీలో తీసిరి. పాత సెట్లకు క్రొత్త ముఖభాగములు తగిలించి, వానిని తగులబెట్టి, ఏడు టెక్నికలర్ కెమెరాలతో చిత్రించిరి. ఇంధనమునకు, నీటికి వేర్వేరు గొట్టము లమర్చి మంటను పెంచుటకు, తగ్గించుటకు వీలు కల్పించిరి. బండి తోలినవారు నాయికానాయకులు కారు, వారి బదులు నటించినవారు.

మనదేశమున 1957లో 'మదర్ ఇండియా' చిత్రమునకై సూరతు సమీపమున ఉమ్రా గ్రామములో గడ్డివాముల దహనదృశ్యమును తీయుచుండగా, మంటలు అదుపు తప్పి నర్గీసును చుట్టుముట్టెను. సునీల్ దత్ లోనికి దుమికి ఆమెను రక్షించి తానును కాలిన గాయముల పాలయ్యెను. మరుసటి ఏడు వారిరువురు వివాహమాడుటచే ఈ ఘటనను లోకము ప్రణయగాథగా చెప్పుకొనెను. కాని గడ్డి వంటి పదార్థమును ఆరుబయట అంటించినపుడు గాలి ఎటు తిరుగునో ముందుగా యోచింపవలెనన్న పాఠము ఆ గాథ వెనుక మరుగుపడినది.

ఆ పాఠము నేర్వనందుకు 1989 ఫిబ్రవరి 8వ తేదీన మైసూరులో మిక్కిలి మూల్యము చెల్లింపవలసి వచ్చెను. టిపు సుల్తాన్ టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణమున ప్రీమియర్ స్టూడియో తగులబడి 62 మంది మరణించిరి. నటుడు, దర్శకుడు అయిన సంజయ్ ఖాన్ తీవ్రముగా గాయపడి ఏడాదికి పైగా ఆసుపత్రిలో నుండెను. గోడలకు గోనెపట్టాలు, పెద్ద దీపముల వేడిమి, సరిలేని విద్యుత్తీగలు, గాలి ఆడని నిర్మాణము, అగ్నిమాపక సాధనముల కొరత: ఇవియన్నియు ఒక్కచోట కూడినవి. మరణించినవారిలో ప్రేక్షకులకు పేరైనను తెలియని పనివారు అనేకులు.

నేడు శిక్షణ పొందిన సాహసనటుడు మంటలలో నడచునపుడు పాటించు పద్ధతి వేరు. నోమెక్స్ వంటి నిప్పంటని వస్త్రములను చల్లని జిగట లేపనముతో తడిపి పొరలుగా ధరించును. చర్మమునకును ఆ లేపనమే పూయుదురు. ఇంధనమును పై దుస్తులకు, అదియు నిర్ణీత స్థలములందే రాయుదురు. వేడిగాలి పీల్చినచో శ్వాసకోశము దెబ్బతినును గనుక నటుడు ఊపిరి బిగబట్టును. కావున దృశ్యము సెకండ్లలో ముగియవలెను. అతడు నేలపై బోర్లపడుకొనుట వంటి ముందుగా అనుకొనిన సంజ్ఞ చేయగానే, తడి కంబళ్లతో సిద్ధముగా నున్నవారు మంట లార్పుదురు. దర్శకుని ఆజ్ఞకై ఎదురుచూడరు.

ఇటీవల కంప్యూటరు సాయముతో మంటలను చిత్రమునకు తరువాత జోడించుట పెరిగినది. నిజమైన మంట మాత్రము సెట్టును వీడిపోలేదు. అది యున్నంతకాలము, ప్రతి ఉదయము పని ఆరంభమునకు ముందు, తలుపులు తెరచియున్నవా, తీగలు సరిగానున్నవా, నీరు చేతికందునా అని చూచు ఒక మనుష్యుడు అచట ఉండవలెను. ఆ మనుష్యుని మాటకు దర్శకుడు సైతము ఆగవలెను.