టర్కీ కోడి కూత

గాబుల్‌డీగూక్. ఎంత చదివినా కొరుకుడు పడని సర్కారీ రాతకు ఇంగ్లీషులో ఉన్న పేరిది. వింటే ఏ పల్లెటూళ్లోనో తాతల నాటి నుంచి నలిగిన మాటలా ఉంటుంది కానీ, పుట్టింది 1944లో. పుట్టించింది మౌరీ మావెరిక్ అనే టెక్సస్ ప్లీడరు.

ఈ ఇంటివాళ్లకు మాటలు పుట్టించడం కొత్త కాదు. తాత శామ్యూల్ మావెరిక్ కూడా లాయరే, శాసనసభ్యుడే. 1847లో బాకీ కింద ఆయనకు 400 పశువులు వచ్చాయి. వాటిని పట్టించుకోలేదు, ముద్రలూ సరిగా వేయించలేదు. దాంతో ముద్ర లేని పశువల్లా ‘మావెరిక్’ అయింది. తర్వాత ఏ గుంపులోనూ ఇమడని మనిషికీ అదే పేరు. మనవడికి అది ఇంటిపేరుగానూ, బిరుదుగానూ సరిపోయింది. 1935 నుంచి నాలుగేళ్లు అమెరికా ప్రతినిధుల సభలో ఉన్నాడు. మూకహత్యల నిరోధక బిల్లుకు దక్షిణాది సభ్యులు అడ్డం తిరిగితే, ఆ దక్షిణాదివాడే అయిన ఈయన అనుకూలంగా ఓటేశాడు. సీటు పోయింది. సొంత ఊరు శాన్ ఆంటోనియోకు మేయరయ్యాడు, ఆ పదవీ నిలవలేదు.

యుద్ధకాలంలో చిన్న ఫ్యాక్టరీల కోసం పెట్టిన ప్రభుత్వ సంస్థకు పెద్ద అయ్యాక, ఫైళ్లు చూసి ఒళ్లు మండింది. 1944 మార్చిలో సిబ్బందికి ఒక మెమో పంపాడు: పొట్టిగా రాయండి, మామూలు భాషలో రాయండి, గాబుల్‌డీగూక్ మానండి, ‘యాక్టివేషన్’, ‘ఇంప్లిమెంటేషన్’ అన్నవాణ్ణి కాల్చేస్తాం. ఈ గాబుల్‌డీగూక్ ఎక్కడిదని అడిగితే టర్కీ కోడిని తలుచుకున్నాడు. అది రొమ్ము విరుచుకుని గాబుల్ గాబుల్ అంటూ తిరుగుతుంది, కూత చివర ‘గూక్’మంటుంది.

గాబుల్ అప్పటికే ఇంగ్లీషులో ఉన్న క్రియ. ఆయన చలవ అంతా ఆ గూక్‌లోనే ఉంది. గజిబిజి, గడబిడ, లొడలొడ అనే జాతికి దీన్ని వేరే పరిచయం చేయనక్కర్లేదు.

పలికితే కాల్చేస్తానని ఆయన బెదిరించిన మాటలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. ‘ఇంప్లిమెంటేషన్’కు మనకు అరబ్బీ నుంచి వచ్చిన ‘అమలు’ ఉంది. మూడక్షరాలు, రైతుకైనా తెలుసు. మన ఆఫీసులు దాన్నీ వదల్లేదు. ‘అమలు చేస్తాం’ అనరు, ‘అమలుపరచడం జరుగుతుంది’ అంటారు. చేస్తాం అంటే రేపు ఎవరో ఒకరు వచ్చి, ఎప్పుడు చేస్తారని అడుగుతారు మరి.