వల ముందు ఇరవయ్యొక్కేళ్లవాడు

మాంచెస్టర్‌లో డిసెంబరు మధ్యాహ్నం మన ఊళ్లలో దీపాలు పెట్టే వేళలా ఉంటుంది. మీరు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో గోల్‌పోస్టు వెనక వరసల్లో కూర్చున్నారు. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే చేతులు చంకల్లో దాచుకున్నారు. ఆట మొదలవడానికి ఇంకా చాలా సేపుంది. తక్కిన ఆటగాళ్లు లోపలే ఉన్నారు, గోల్‌కీపర్లు మాత్రం వచ్చేశారు. ఎక్కడైనా ముందుగా మైదానంలోకి దిగేది వాళ్లే.

మీకు ఇరవై ముప్ఫై అడుగుల దూరంలో ఒక కుర్రాడు బంతులు పడుతున్నాడు. ఆరడుగులు దాటిన మనిషి, కానీ ఆ ఎత్తుకు తగ్గ కండ ఇంకా పట్టలేదు. పేరు డేవిడ్ డి గియా. మాడ్రిడ్ వాడు. నవంబరు 7న ఇరవయ్యొకటి నిండాయి. ఈ వేసవిలోనే మాంచెస్టర్ యునైటెడ్ అతన్ని అట్లెటికో మాడ్రిడ్ నుంచి సుమారు 1.9 కోట్ల పౌండ్లకు తెచ్చుకుంది. బ్రిటన్‌లో అప్పటివరకూ ఏ గోల్‌కీపర్‌కూ ఎవరూ అంత సొమ్ము పెట్టలేదు. అతనికి ముందు ఈ వల కాసిన ఎడ్విన్ వాన్ డెర్ సార్ నలభయ్యేళ్ల వయసులో ఆట విరమించాడు. నలభై ఏళ్ల నిబ్బరం ఉన్న చోటికి ఇరవై ఏళ్లవాడు వచ్చాడు. చుట్టూ ఉన్నవాళ్ల భాష కూడా అతనికింకా సరిగా పట్టుబడలేదు.

ఈ రోజు 2011 డిసెంబరు 31. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్‌కు డెబ్బై ఏళ్లు నిండిన రోజు. వచ్చిన జట్టు బ్లాక్‌బర్న్ రోవర్స్, పట్టికలో అట్టడుగున ఉంది. ఏడాది కిందట ఆ క్లబ్బును కొన్న వెంకీస్ మనకు పరాయి పేరు కాదు. 1971లో హైదరాబాద్‌లో పుట్టిన వెంకటేశ్వర హేచరీస్ వాళ్లే. అక్కడి అభిమానులు తమ మేనేజర్‌ను తీసెయ్యమని వారాల తరబడి గొడవ చేస్తున్నారు. అలాంటి జట్టు ఇక్కడ గెలుస్తుందని మీ చుట్టుపక్కల ఎవరూ అనుకోవడం లేదు. యునైటెడ్ గెలిస్తే మాంచెస్టర్ సిటీని దాటి మొదటి స్థానానికి చేరుతుంది.

మైకులో జట్టు పేర్లు చదువుతున్నారు. శ్రద్ధగా వినండి. సాయంత్రానికి అందరూ ఆ కుర్రాడి గ్లవ్స్ గురించే మాట్లాడుకుంటారు గాని, అసలు కథ ఈ పేర్లలో ఉంది.

కుడి వైపు డిఫెండర్‌గా వాలెన్సియా. అతను అంచున పరుగెత్తి క్రాస్‌లు కొట్టే వింగర్. మధ్యలో ఫిల్ జోన్స్, పందొమ్మిదేళ్లవాడు, మొన్న వేసవి దాకా ఈ బ్లాక్‌బర్న్‌కే ఆడాడు. పక్కన సెంటర్‌బ్యాక్‌గా మైకేల్ కారిక్. కారిక్ మిడ్‌ఫీల్డర్! ఆ మిడ్‌ఫీల్డ్‌లో ఇవాళ రాఫెల్ ఆడుతున్నాడు, అతని అసలు చోటేమో కుడి డిఫెన్స్. నలుగురి వరసలో నిలకడగా తన చోట తాను ఉన్న అనుభవజ్ఞుడు ఎవ్రా ఒక్కడే. కెప్టెన్ విదిచ్ మోకాలు ఈ నెల 7న బాసెల్‌లో దెబ్బతింది, ఈ సీజన్‌కు ఇక రాడు. ఫెర్డినాండ్ పేరు జాబితాలో లేదు.

ఆ కుర్రాడు గ్లవ్స్ బిగించుకుని తలెత్తి చూస్తే ఎదుట కనిపించే వీపులు ఇవి.

మీ వెనక వరసలో ఇద్దరు పెద్దవాళ్లు ఆగస్టు నుంచి లెక్కలు తీస్తున్నారు. వెంబ్లీలో సిటీతో కమ్యూనిటీ షీల్డ్ ఆట: ఫ్రీకిక్ మీద లెస్కాట్ హెడర్ ఒకటి, దూరం నుంచి జెకో కొట్టింది ఒకటి, రెండూ సగం ఆటకు ముందే. వారం తర్వాత వెస్ట్ బ్రామ్‌లో షేన్ లాంగ్ కొట్టిన బంతి అతని కిందుగా జారిపోయింది. వాళ్లు చెప్పేవన్నీ నిజాలే. కానీ వాళ్లు వదిలేసినవి కూడా వినాలి. వెంబ్లీలో సగం ఆటకే ఫెర్గూసన్ సెంటర్‌బ్యాక్‌లు ఫెర్డినాండ్, విదిచ్ ఇద్దర్నీ మార్చేశాడు. వెస్ట్ బ్రామ్‌లో అదే ఇద్దరూ ఒకే ఆటలో గాయపడి బయటికి నడిచారు. ఆగస్టు 28న ఆర్సెనల్‌ను 8-2తో ఓడించినప్పుడు, స్కోరు ఇంకా 1-0 మీదుండగా, వాన్ పెర్సీ పెనాల్టీని ఆపింది ఈ కుర్రాడే. ఎనిమిది గోల్స్ కొట్టిన రోజున గోల్‌కీపర్ ఎవరికి గుర్తుంటాడు?

ఆట మొదలైంది. మొదటి సగంలో డి గియా అవతలి చివర ఉన్నాడు, మీకు చిన్న బొమ్మలా కనిపిస్తున్నాడు. పదహారో నిమిషంలో అక్కడ గుంపులో ఏదో పెనుగులాట. బెర్బతోవ్ బ్లాక్‌బర్న్ డిఫెండర్ సాంబాను లాగి పడేశాడట. పెనాల్టీ. యాకుబు కొట్టాడు, 0-1. పెనాల్టీ చుక్కకూ గోల్ గీతకూ మధ్య 11 మీటర్లు. కాయవలసిన వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. అక్కడ ఆగితే అద్భుతం, ఆగకపోతే మామూలు. దీనికి ఎవరూ గోల్‌కీపర్‌ను తిట్టరు. వెనకవాళ్లు కూడా తిట్టలేదు.

రెండో సగం. ఇప్పుడతను మీ ముందుకొచ్చాడు, వీపు మీకు కనిపిస్తోంది. దగ్గర్నుంచి చూస్తే ఒకటి అర్థమవుతుంది: గోల్‌కీపర్ నిలబడడు. బంతి ఎనభై గజాల అవతల ఉన్నా రెండడుగులు ముందుకు, అడుగు పక్కకు, మళ్లీ వెనక్కి, చెయ్యి చాపి ఎవరినో జరగమంటూ ఉంటాడు. యాభై ఒకటో నిమిషంలో బ్లాక్‌బర్న్ విసురుగా ముందుకొచ్చింది. యాకుబు డిఫెండర్లను దాటేసుకుని వచ్చి కొట్టాడు. 0-2. డి గియా వలలోంచి బంతి తీసి, మైదానం మధ్యకు తన్నాడు.

మరుసటి నిమిషంలోనే బెర్బతోవ్ ఒకటి, అరవై రెండులో ఇంకొకటి. 2-2. ఇప్పుడు మీ చుట్టూ అందరూ లేచి నిలబడ్డారు. ఒక్క గోల్ వస్తే చాలు. జట్టు జట్టంతా అటువైపు తోసుకుపోయింది. ఇటువైపు అంత పెద్ద పచ్చికలో ఆ కుర్రాడు దాదాపు ఒంటరి.

ఎనభయ్యో నిమిషం. బ్లాక్‌బర్న్‌కు కార్నర్.

మనుషులంతా మీ వైపు తరలి వచ్చారు. గోల్‌కు ఆరు గజాల లోపు సంతలో తోపులాటలా ఉంది. మోచేతులు, భుజాలు, చొక్కా అంచులు పట్టి లాగే పిడికిళ్లు. ఆ మధ్యలో డి గియా. బంతి గాల్లోకి లేచాక అతనికి దొరికే వ్యవధి రెండు సెకన్లు కూడా ఉండదు. ఆ కాసింతలో తేల్చుకోవాలి, గీత వదిలి వెళ్లాలా, ఉండాలా అని. వెళ్తే బంతి దొరికి తీరాలి. ఉంటే ఎదుటివాడి తలను తన డిఫెండర్ అడ్డుకుంటాడని నమ్మాలి. వెళ్లేటప్పుడు అరుస్తాడు, బంతి నాదని. ఆ అరుపు వినగానే సెంటర్‌బ్యాక్ పక్కకు తప్పుకుని ఎదుటివాళ్లను తన ఒంటితో ఆపి దారి చెయ్యాలి. ఇది వారాల తరబడి ఒకే ఇద్దరు ముగ్గురు కలిసి ఆడితే అబ్బే సంగతి. చెప్పి నేర్పేది కాదు. తరచూ మారే వీపుల వెనక నిలబడ్డవాడికి, భాషే సగం తెలిసినవాడికి, ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వస్తుంది?

బంతి వచ్చింది. అతను కదిలాడు. చేతులు పైకి లేచాయి గాని బంతి దొరకలేదు. గుంపులోంచి ఒక తల అతని కంటే ఎత్తుకు లేచింది. గ్రాంట్ హాన్లీ, ఇరవై ఏళ్లవాడు. బంతి మీ కళ్లెదుటే వలకు తగిలి, వల ఉబ్బి, మళ్లీ సద్దుమణిగింది.

2-3. డెబ్బై వేల మంది ఒక్కసారి మూగబోతే వచ్చే నిశ్శబ్దం మామూలు నిశ్శబ్దంలా ఉండదు. దూరంగా ఒక మూల బ్లాక్‌బర్న్ వాళ్ల కేకలు. అతను గడ్డి మీదే ఉన్నాడు.

ఆ బంతి అతనిదే. దాన్ని నేను కప్పిపుచ్చను. గీత వదిలి వచ్చిన గోల్‌కీపర్ బంతిని పట్టాలి, లేదా పిడికిలితో దూరంగా కొట్టాలి. అతను రెండూ చెయ్యలేదు. ఇంగ్లండ్‌లో కార్నర్ల దగ్గర జరిగే కుస్తీకి అతని ఒళ్లు ఇంకా సిద్ధం కాలేదు, అతని బలహీనత అదేనని అన్ని జట్లకూ తెలిసిపోయింది. తప్పును తప్పనకపోతే ఆ కుర్రాణ్ని గౌరవించినట్టూ కాదు.

కానీ స్టేడియం మెట్లు దిగుతూ జనం అంటున్నది అది కాదు. మూడు గోల్స్‌కూ, ఓటమికీ, పోయిన మొదటి స్థానానికీ కారణం ఒక్కడే అంటున్నారు. చెరువు కట్ట ఎక్కడ తెగిందో చూడకుండా, నీళ్లొచ్చి చేరిన గుమ్మాన్ని తిట్టడం ఇది. తన పెనాల్టీ ఏరియాలో మనిషిని లాగి పడేసింది గోల్‌కీపర్ కాదు. మిడ్‌ఫీల్డర్‌తో, వింగర్‌తో, పందొమ్మిదేళ్లవాడితో వరస కట్టింది అతను కాదు. అంతమంది గాయపడితే నిలబెట్టడానికి మనుషులు చాలకపోవడం అతని చేతిలో లేదు. బంతి అతని దగ్గరికి చేరేలోపు మరో పదిమంది చేతులెత్తేసి ఉంటారు, వాళ్ల తప్పు పచ్చికలో కలిసిపోతుంది. ఇతని తప్పు మాత్రం స్కోరు బోర్డు మీద కూర్చుంటుంది. ఫార్వర్డ్ నాలుగు అవకాశాలు పోగొట్టి అయిదోది కొడితే వీరుడు. గోల్‌కీపర్ నాలుగు ఆపి అయిదోది వదిలితే ఆ అయిదోదే మిగులుతుంది.

నాలుగు రోజుల తర్వాత, జనవరి 4న, న్యూకాజిల్‌కు రండి. డి గియా జట్టులో లేడు. వల ముందు ఆండర్స్ లిండెగార్డ్, ఇరవై ఏడేళ్ల డేన్. ఫెర్డినాండ్ కూడా తిరిగొచ్చాడు. డెంబా బా ఒకటి కొట్టాడు. కబాయె ఫ్రీకిక్ ఒకటి. ఆఖర్న న్యూకాజిల్ గోల్‌కీపర్ క్రుల్ తన చివర నుంచి తన్నిన బంతి మైదానమంతా దాటి వచ్చి, ఫిల్ జోన్స్‌కు తగిలి సొంత వలలోనే పడింది. 0-3. ఒక్క ఆటతో ఏదీ తేలిపోదు, నిజమే. కానీ గ్లవ్స్ మారితే గోడ నిలబడుతుందన్నవాళ్లు ఈ మూడో గోల్‌ను ఒకసారి మళ్లీ చూడాలి.

తర్వాత మే నెలలో సిటీ, యునైటెడ్ రెండూ 89 పాయింట్ల దగ్గర ఆగాయి. గోల్స్ తేడా సిటీకి 64, యునైటెడ్‌కు 56, కప్పు సిటీకి వెళ్లింది. అప్పుడు చాలామంది వేళ్లు డిసెంబరు 31 మీదకే పోయాయి. నేను మాత్రం అక్టోబరు 23 కూడా చూడమంటాను. అదే ఓల్డ్ ట్రాఫర్డ్‌లో సిటీ చేతిలో 1-6. నలభై ఏడో నిమిషంలో డిఫెండర్ ఎవాన్స్ రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు. అయినా పదిమంది ఎదురుదాడికి పోయి, ఎనభై తొమ్మిదో నిమిషం నుంచి మూడు గోల్స్ ఇచ్చారు. ఆ ఆరుసార్లూ వంగి బంతి తీసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

సరే, చివరగా ఒక చోటికి. 2012 ఫిబ్రవరి 5, లండన్, స్టాంఫర్డ్ బ్రిడ్జ్. నిన్న రాత్రి మంచు కురిసింది. లిండెగార్డ్ చీలమండకు దెబ్బ తగలడంతో డి గియా మళ్లీ వల ముందుకొచ్చాడు. వారం కిందట ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ కార్నర్ మీద అగర్ హెడర్ గోలైంది. ఆ గుంపులో డి గియాకు చెయ్యి లేపే చోటు కూడా లేకపోయింది. ఆ గోల్ మీద అతన్ని తప్పుపట్టిన మాటలు ఇంకా చల్లారలేదు.

యాభయ్యో నిమిషానికి చెల్సీ 3, యునైటెడ్ 0. మొదటిది ఎవాన్స్‌కు తగిలి లోపలికి పోయింది. రెండోది మాటా గాల్లో ఉన్న బంతిని ఉన్నట్టే కొట్టిన దెబ్బ. మూడోది డేవిడ్ లూయిజ్ హెడర్, ఫెర్డినాండ్‌ను రాసుకుంటూ దారి మార్చుకుంది. మళ్లీ నింద గోల్‌కీపర్ మీదే పడుతుందనుకుంటారు. కానీ ఈసారి ఎదుటి చివర రూనీ రెండు పెనాల్టీలు కొట్టాడు, హెర్నాండెజ్ ఎనభై నాలుగులో తలతో ఇంకొకటి. 3-3.

ఇంజురీ టైమ్. గోల్‌కు కాస్త దూరంలో చెల్సీకి ఫ్రీకిక్. బంతి దగ్గర హువాన్ మాటా. పోయిన జూన్‌లో డెన్మార్క్‌లో, 21 ఏళ్ల లోపు వాళ్ల యూరో కప్పును స్పెయిన్‌కు కలిసి గెలిచిపెట్టినవాళ్లు వీళ్లిద్దరూ. మాటా ఎడమ కాలి సంగతి డి గియా కంటే బాగా తెలిసినవాళ్లు ఈ మైదానంలో ఎక్కువమంది ఉండరు.

మాటా కొట్టాడు. బంతి గోడ కట్టిన తలల మీదుగా లేచి, వంగుతూ, పోస్టూ అడ్డుకర్రా కలిసే పై మూలకు పోతోంది. మీ చుట్టూ ఉన్నవాళ్లు గోల్ అని సగం అరిచేశారు కూడా. ఆ సన్నటి ఒళ్లు పక్కకు పూర్తిగా సాగిపోయింది, ఒక చెయ్యి ఇంకా కొంచెం, ఇంకా కొంచెం. వేళ్ల కొసలు తగిలాయి. బంతి బయటికి పోయింది.

అరుపు గొంతుల్లోనే ఆగిపోయింది. అతను గడ్డి మీద నుంచి అప్పుడే లేచాడు, అప్పుడే వెనక్కి నడుస్తున్నాడు, చెయ్యి చాపి డిఫెండర్లకు చోట్లు చూపిస్తున్నాడు. మనుషులు మళ్లీ ఆరు గజాల లోపలికి తోసుకొస్తున్నారు. కార్నర్.