కలర్ వీల్ పక్కన కలంకారీ

మిడిల్ స్కూల్ పిల్లలకు రంగుల పాఠం కొత్తేమీ కాదు. ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక రంగులనీ, పసుపూ నీలమూ కలిస్తే ఆకుపచ్చ వస్తుందనీ శాంటా క్లారా బడుల్లో ఆర్ట్ టీచర్లు ముందే చెప్పేసి ఉంటారు. మరి తెలుగు తరగతిలో మనం చెప్పేదేముంది అంటారా? చాలానే ఉంది.

న్యూటన్ తన 'ఆప్టిక్స్' పుస్తకంలో రంగులను చక్రంగా అమర్చి చూపింది 1704లో. అప్పటికే మచిలీపట్నం రేవు నుంచి మన అద్దకం బట్టలు ఓడలెక్కి యూరప్ చేరుతున్నాయి. ఇంగ్లీషు వర్తకులు అక్కడ స్థావరం పెట్టుకున్నది 1611లో. ఉతికినా వెలవని ఆ రంగుల కోసం జనం ఎగబడేసరికి, తమ నేత పరిశ్రమ దెబ్బతింటుందని ఫ్రాన్స్ 1686లో అద్దకం బట్టలను నిషేధించింది.

ఆ రంగులు ఎలా నిలిచాయి? శ్రీకాళహస్తి పనితనం చూడండి. బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరబెడతారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టి, ఆ ద్రావణంలో కలం ముంచి గీస్తారు. బట్టలోని కరక్కాయ తగలగానే ఆ గీత నల్లబడుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, తర్వాత బట్టను ఎర్రరంగు ద్రావణంలో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. పాతకాలంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఆకుపచ్చ కావాలంటే నీలం మీద పసుపు పూసేవారు. పిల్లలు నేర్చుకున్న కలర్ వీల్ పాఠమే ఇది. కాకపోతే రంగులు కలిసేది గిన్నెలో కాదు, బట్ట మీద.

ప్రయోగశాలల్లో 1868లో ఎరుపు రంగు అలిజరిన్ తయారైంది. 1897లో కృత్రిమ నీలిమందు బజారుకొచ్చింది. చవక రంగుల ముందు వేళ్లూ ఆకులూ నిలవలేకపోయాయి. 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ వంటివారు పూనుకోబట్టి శ్రీకాళహస్తి కళ మళ్లీ ఊపిరి పోసుకుంది. అక్కడి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

తరగతిలో రెండు పనులు చేయించండి. మొదటిది: ఇనుప మేకులను వెనిగర్‌లో కొన్నాళ్లు నానబెట్టి, ఆ నీటిని చిక్కటి టీ డికాక్షన్‌లో మీరే కలిపి చూపించండి. డికాక్షన్ నల్లబడుతుంది. కరక్కాయలోలాగే టీలోనూ టానిన్లు ఉంటాయి మరి. పిల్లలకు ఇది గారడీలా కనిపిస్తుంది, కారణం మాత్రం వాళ్లనే వెతకనివ్వండి.

రెండోది మాటలతో. పసుపుపచ్చ, ఆకుపచ్చ అని బోర్డు మీద రాసి, రెండింటిలోనూ 'పచ్చ' ఎందుకుందో అడగండి. తెలుగులో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, బంగారం రంగూ అవుతుంది. ఏ పచ్చో చెప్పడానికి ముందు ఒక వస్తువు పేరు చేర్చాం. నారింజ, గులాబీ, వంకాయరంగు కూడా అలా వస్తువుల నుంచి వచ్చినవే.

రంగుల చక్రాన్ని పక్కన పెట్టమని చెప్పడం లేదు. దాని పక్కనే ఒక కలంకారీ గుడ్డ పరవండి. ఆ చక్రంలోని రంగులను ఆకుల నుంచీ వేళ్ల నుంచీ తీసి బతికినవాళ్లు తమ భాషే మాట్లాడారని పిల్లలకు తెలియాలి.